సీమోను ఎడమచేతి రోబో

సీమోను ఎదుట ఎవరూ ఏదీ పారేయలేరు. ఎవరో వదిలేసిన అరిగిన చెప్పు అతని బల్ల కాలికింద మెత్తగా పడి ఉంటుంది. బొంగులూరు వెంచర్ల ఫ్లెక్సీ ఒకటి ఏరుకొచ్చి బండికి ముసుగేస్తే, ప్లాట్లు ఎక్కడున్నాయని జనం ఆ బండినే అడిగారు. పక్కవాడు అరటితొక్క పారేయబోయినా ఒకసారి తిప్పి చూడనిదే ఒప్పుకోడు. ఇలాంటి మనిషికి ఆదిభట్లలో దొరికిన ఉద్యోగం చూడండి: అంతరిక్షంలో చచ్చి తిరిగే ఉపగ్రహాలను పట్టుకుని, పనికొచ్చే భాగాలు ఊడదీసే రోబోల తయారీ! భూమ్మీద చెత్త చాలక పైనున్నదాని మీద పడ్డాడని భార్య మరియ ఇబ్రహీంపట్నమంతా చెప్పుకుంది.

అరుణ ఆ కంపెనీకి కొత్త. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఒక్క పెద్ద తప్పు చేసినా ఇంటికే. అలాంటి పిల్ల, కంప్యూటర్లో బొమ్మ తిరగబడి ఉందని చూసుకోక, కుడికి వంగాల్సిన రోబో వేలిని ఎడమకు వంగేలా కోసేసింది. అదీ ఖరీదైన టైటానియం ముక్క. చెడిన సామానుకు చెడగొట్టినవాళ్ల పేరుతో ఎర్రచీటీ కట్టి ఎర్రడబ్బాలో వేయడం అక్కడి పద్ధతి. మేనేజరు విద్యాసాగర్ సాయంత్రం వాటిని చూస్తాడు.

అరుణ ఏడుస్తూ చీటీ కడుతుంటే సీమోను వచ్చి ఆ వేలు లాక్కున్నాడు. తనకు సరిగ్గా ఇలాంటిదే కావాలన్నాడు. మతి పోయిందా అని విద్యాసాగర్ కోప్పడ్డాడు.

"సార్, చచ్చిన శాటిలైటు ఏ దిక్కు తిరుగుతదో మనకు చెప్పి తిరుగుతదా?" అన్నాడు సీమోను. "ఒక్క దిక్కు పట్టే చెయ్యే ఉంటే రెండో దిక్కుది జారిపోతది. ఎడమచెయ్యి గూడ ఉండాలె. ఒక వేలు తయారైంది, ఇంకో రెండు గోసుకుంటే సరి."

విద్యాసాగర్ సరేనన్నాడు. మిగతా రెండు వేళ్లూ కోసి ఎడమచెయ్యి బిగించారు. చివరికి ఒక పాత కూలరు డ్రమ్మును ఉపగ్రహంలా తాడుకు వేలాడదీసి ఎదురు దిక్కుకు తిప్పారు. పాత రోబో కుడిచెయ్యి జారవిడిచింది. ఎడమచెయ్యి గట్టిగా పట్టేసింది. అరుణ ఉద్యోగం నిలిచింది.

చెత్త మీద పిచ్చి ఇంత పని చేసిందా అని ఆమె ఆశ్చర్యపోతుంటే స్టోరు చూసే స్టెల్లా నవ్వింది.

"ఎర్రడబ్బాల చూసినవా? అన్నీ గాయన పేరు చీటీలే. తను చెడగొట్టినవి ఎంబడే పారేస్తడు. కొత్తోళ్లు చెడగొట్టినవి మాత్రం పారెయ్యనియ్యడు."

అరుణ గుండె నిండిపోయింది. వెళ్లి దండం పెట్టబోతే సీమోను విసుక్కున్నాడు. కొత్త రోబో కుడిచేతికి ఇంకా వేలు తక్కువే ఉందనీ, అది ఆమే కోయాలనీ, తాను పక్కన నిలబడతాననీ అన్నాడు.

"మల్ల తప్పు గోస్తే, అన్న?"

"గోస్తే గోసినవ్. మూడో చెయ్యి పెడదాం తియ్యి."

అరుణ నవ్వు ఆపుకుని, బొమ్మను ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని మిషను నడిపింది. వేలు కుడికే వంగింది.