నవ్వితే కూలిపోయే మావ

పులిసిన రాగి అంబలి, మావైపు మాటలో చోడి అంబలి, వాసన తగిలితే ఇప్పటికీ నాకు చీపురుపల్లి దగ్గర మా పొలమూ, ఏతమూ, అప్పన్న మావా గుర్తుకొస్తారు. ఆ వెంటనే, ఆనాడు మా అయ్యతో చెప్పకుండా దాచిన మాట కూడా.

అరవైల చివరి ఏళ్లు. అమ్మకు తమ్ముడైన మావ మా ఇంట్లోనే ఉండి సేద్యం చూసేవాడు. ఎండాకాలం తెల్లవారగానే నూతి మీద దూలంలా ఊగే ఏతం మాను ఎక్కి ముందుకూ వెనక్కూ నడిచేవాడు. ఆ నడకకు మాను చివర వేలాడే బాన నూతిలోకి దిగి, నిండి పైకొచ్చేది, కింద మా పాలేరు, కంబారి, దాన్ని కాలువలోకి వంచేవాడు, తడిమట్టి వాసన చోడి మడులంతటా పరుచుకునేది. అంత చలాకీ మనిషీ పట్టపగలు, తాటిముంజె నోట్లో ఉండగానే కునికేవాడు. రాత్రిళ్లు మాత్రం మాటిమాటికీ లేచి వాకిట్లో తిరిగేవాడు, గుండెల మీద ఎవరో కూర్చున్నారనేవాడు. గాలి సోకిందని అమ్మ వేపమండలతో దిగదుడిచేది. నవ్వొస్తే చాలు, దవడ జారి మోకాళ్లు వదులైపోయేవి. పిల్లలకు అదొక ఆట, కావాలనే నవ్వించేవాళ్లం.

ఒక పొద్దున మావ మాను మీద ఉండగా, నేను కింద తలపాగా చుట్టి, చుట్టకు బదులు పుల్ల కరిచి, మా అయ్యలా నడిచి చూపించాను. మావ నవ్వాడు. మోకాళ్లు వదిలేసి మాను మీంచి నూతి ఒడ్డు మీద పడ్డాడు, చెయ్యి విరిగింది. కంబారి బాన వంచుతూ ఇటు చూడలేదు.

పరుగున వచ్చిన అయ్య, "ఏటిరా అప్పన్నా, పొద్దున్నే కల్లేసినావా?" అన్నాడు.

"తాగనేదు బావా. ఈడ్నడుగు."

చెబితే అయ్యను వెక్కిరించిన సంగతీ చెప్పాలి. "నాను సూడనేదు" అన్నాను. మావ నాకేసి ఒకసారి చూశాడు, నేను అయ్యలా నడిచిన సంగతి మాత్రం బయటపెట్టలేదు. నా వీపు పగలకుండా కాపాడాడు.

అప్పటినుంచి ఊళ్లో ఆయన తాగుబోతు అప్పన్న. ఎవరూ ఏతం ఎక్కనివ్వలేదు, పిల్లనూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఏతాలు లేవు, ఆ నుయ్యీ పూడిపోయింది. మొన్న విశాఖలో డాక్టరమ్మ మావను చూసి, నార్కోలెప్సీ అంది. నిద్రకూ మెలకువకూ మధ్య హద్దు చెదిరిపోతుందట; పగలు నిద్ర చొరబడుతుంది, రాత్రి నిద్ర ముక్కలవుతుంది. కలలో ఒళ్లు సడలినట్టే నవ్వినప్పుడు మెలకువలోనే సడలుతుంది, తెలివి మాత్రం పోదట.

ఊరికి తిరిగొచ్చి, టీ బడ్డీ ముందు ముసలివాళ్లందరూ ఉండగా, మావ తాగలేదనీ నేనే నవ్వించాననీ చెప్పాను.

"అచ్చం మీ అయ్యనాగే నడిసినావురా" అంటూ మావ నవ్వాడు. దవడ జారింది, నా మీదికి ఒరిగిపోయాడు. మాట రాకపోయినా అన్నీ వింటాడని ఇప్పుడు నాకు తెలుసు. రెండు చేతులా పట్టుకుని చెవి దగ్గర అన్నాను:

"తప్పైపోనాది మావా."