ఒకే పేపరుకి రెండు మార్కులు

ఉడికించిన మైదా బంక వాసన నాకు పడదు. నిన్న మా వీధి గోడకి ఎవరో పోస్టరు అంటిస్తుంటే కిటికీ తలుపులు వేసేశాను. ఆ వాసన తగిలితే కరుణమ్మ గారు గుర్తొస్తారు. ఆవిడ వల్ల నేను పడ్డ అవమానమూ గుర్తొస్తుంది.

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయిన కొత్తలో యానాంలో ఒక బడిలో నేను సోషలు చెప్పేవాణ్ణి. కరుణమ్మ గారు మా హెడ్మిస్ట్రెస్. యానాంలోనే అగ్రహారం అనే పేటలో ప్రొటెస్టెంటు కుటుంబం. మద్రాసులో ట్రైనింగు అయి, పరీక్ష మార్కుల్ని ఎంతవరకు నమ్మొచ్చో లెక్కకట్టే విద్య నేర్చుకుని వచ్చారు. మార్కుల గురించి నాకొకరు చెప్పాలా? చదువుకునే రోజుల్లో ఒకాయన రెండు మార్కులు తక్కువేసి నన్ను పరీక్ష తప్పించాడు. మూడు అర్జీలు పెట్టాను, జవాబు లేదు. ఈ సంగతి విన్నవాళ్ళకే మళ్ళీ మళ్ళీ చెప్పేవాణ్ణి.

ఆ ఏడాది ఎనిమిదో తరగతిలో నూకరత్నం అనే పిల్లకి ముప్పై రెండు వేశాను. పాసుకి ముప్పై అయిదు కావాలి. దరియాలతిప్ప నుంచి వాళ్ళ నాన్న వచ్చాడు.

"తప్పితే దానికి చేపల గంపేనండి మాస్టారూ. మూడు మార్కులే కదండీ" అన్నాడు.

"నాకు రెండిటికే ఎవరూ జాలిపడలేదు" అన్నాను.

పది రోజులకి కరుణమ్మ గారు అదే పరీక్ష పేపర్ల కట్ట ఇంకొకటి ఇచ్చి దిద్దమన్నారు. పేర్లున్న చోట కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి, బంక ఇంకా తడిగానే ఉంది. అన్నీ ఒకే గుండ్రటి దస్తూరి. వేరే బడివి, ఎవరో సాపు రాసి పంపారనుకుని, సణుక్కుంటూ దిద్ది ఇచ్చేశాను.

మర్నాడు పిలిచారు.

"ఇదిగో, దీనికెంత వేశారు?"

"నలభై నాలుగండి. బాగానే రాశారు."

ఆవిడ కాగితం ముక్క పీకారు. కింద నూకరత్నం పేరు. పక్కన ఆ పిల్ల అసలు పేపరు పెట్టారు. దస్తూరి ఒక్కటే వేరు, మాట మాటకీ అదే. తప్పులతో సహా అదే. ఆవిడ గళ్ళ కాగితం నా ముందు పరిచారు. ప్రతి పిల్లకీ నేను వేసిన రెండు మార్కులూ రెండు చుక్కలు, వాటిని కలుపుతూ గీత.

"మార్కంటే చుక్క అనుకుంటాం మాస్టారూ. కాదు, ఇదిగో, ఇంత గీత. ఈ పొడుగు పిల్లలది కాదు, మీది."

"నాకే పరీక్ష పెట్టారా?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదండి."

"మిమ్మల్ని తప్పించినాయన చేతిలోనూ ఇలాంటి గీతే ఉండి ఉంటుంది."

నా మీద కక్షతో చేశాడనే ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. ఆయన నా మొహమైనా చూసి ఉండడు. కూర్చున్న కుర్చీ కిందనుంచి ఎవరో లాగేసినట్టయింది.

ఆవిడ తెల్లకాగితం నావైపు జరిపారు. "అర్జీలు మీకు అలవాటే కదా."

నేను దిద్దినవన్నీ వేరేవాళ్ళ చేత, పేర్లు కప్పి మళ్ళీ దిద్దించమని నా మీద నేనే రాసి సంతకం పెట్టాను. నూకరత్నం పాసైంది.

చెప్పకుండా నన్ను పరీక్షించినందుకు కరుణమ్మ గారిని ఈనాటికీ క్షమించలేదు. కానీ ఆ తర్వాత సర్వీసంతా ముందు విడి కాగితం మీద పెన్సిలుతో మార్కులు వేసుకుని దాచేవాణ్ణి. వారం ఆగి, అది చూడకుండా మళ్ళీ దిద్దాకే సిరా. పెన్సిలు మార్కులూ సిరా మార్కులూ ఒక్క ఏడాదైనా పూర్తిగా కలవలేదు.