నీళ్లకు చోటు చాలని పేజీ

ఆ రోజుల్లో మైదుకూరులో ఏ నాయకుడి పుట్టినరోజు ఎప్పుడో వాళ్లింటి ఆడవాళ్ల కంటే ముందు నాకు తెలిసేది. మా మేనమామ ఫ్లెక్సీల కొట్లో కంప్యూటరు ముందు కూర్చుని తలకాయలు అతికించడం నా ఉద్యోగం. నాయకుడి తలకాయ గుమ్మడికాయంత, ముఖ్య అనుచరులవి టెంకాయంత, మిగతా అభిమానులవి నిమ్మకాయంత. (ఈ కొలతల్లో తేడా వస్తే మనుషులు కొట్టు మీదికే వచ్చేవాళ్లు.) నా మనసు మాత్రం బొమ్మల కథల మీద. అందుకే అందరూ తెల్లచొక్కా అన్న అని పిలిచే మా వీధి నాయకుడు తన జీవితాన్ని బొమ్మల పుస్తకంగా వేయించాలనుకున్నాడని తెలియగానే ఎగిరి గంతేశాను. "ముందు ఒక పేజీ చూపించప్పా. నచ్చితే పుస్తకమంతా నీదే" అన్నాడు. నచ్చితే చాలు, తలకాయల నుంచి నాకు విముక్తి!

కథేమిటంటే, కరువులో అన్న ఒక ఊళ్లో బోరు వేయించి నీళ్లు తెప్పించాడు. (బోరు ఎవరు వేయించారో ఆ ఊరివాళ్లు ఇంకోలా చెబుతారు, అది వేరే సంగతి.) ముందు చిత్తు కాగితం మీద గళ్లు వేసుకున్నాను. తర్వాత పెన్సిలుతో బొమ్మలు గీసి, మాటల బుడగలకు చోటు వదిలి, చివరికి నల్ల సిరాతో దిద్దాను. మొదటి గడిలో పై నుంచి కనిపించే నెర్రెలు విచ్చిన నేల. రెండో గడిలో బోరు లారీని చూస్తూ నిలబడ్డ అన్న, వెనక నుంచి. మూడో గడిలో ఒక ముసలి రైతు కళ్లు మాత్రమే. నాలుగోది సగం పేజీ. అందులో మాట లేదు, మనిషి లేడు, పైకి ఎగజిమ్మిన నీళ్లు తప్ప. సిరా ఆరకముందే నేను మహా కళాకారుణ్ణని నాకు నేనే ఒప్పేసుకున్నాను.

అన్న పేజీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంట్లో నేను యాడ ఉండాను?"

"రెండో గడిలో మీరేనన్నా."

"నా ఈపు చూసి ఓట్లెవురు ఏస్తారప్పా?"

పక్కనే ఉన్న ఆయన కారు డ్రైవరు అందుకున్నాడు. "నీళ్లు మా అన్న కంటే పెద్దగా ఉండాయే! శానా తప్పు."

"ఆ ముసిలోడెవురు? వాని బదులు మా బామ్మర్ది మొగం పెట్టు. మద్దెలో ఈ గీతలేంది, గోడలు కట్టినట్టు? తీసెయ్" అన్నాడు అన్న.

గళ్లు లేకపోతే కథ నడవదని చెప్పబోయాను.

"కత మాకు తెల్సు లేప్పా."

గీతలు పోయాయి. వీపు పోయి గుమ్మడికాయంత ముఖం వచ్చింది. బామ్మర్ది వచ్చాడు. "ఆ పొద్దు నేనూ ఆడనే ఉంటి" అంటూ డ్రైవరు వచ్చాడు, ఆ వెనక వీధంతా వచ్చింది. ఆఖరికి చోటు చాలక నీళ్లు తీసేయాల్సి వచ్చింది. అన్న తృప్తిగా తలూపాడు. "ఇప్పుడు బాగుండాది. ఇంక పుస్తకమెందుకు, దీన్నే నా పుట్టినరోజుకు ఫ్లెక్సీ కొట్టు. నీళ్లు పోయిన జాగాలో ఆ మూల నీ మొగం గూడా పెట్టుకో." నాకు ఒళ్లు మండిపోయింది. (అయినా పెట్టుకున్నాను. తల దువ్వుకుని ఫొటో దిగి మరీ.)

ఇప్పుడు బొమ్మల కథలు గీసుకునే బతుకుతున్నాను. ఏ కథలోనైనా మొదటి గడిలో హీరో వీపే చూపిస్తాను, ఇంతవరకు ఏ హీరోకూ ఓట్లు తగ్గలేదు. ఆ ఫ్లెక్సీని మాత్రం పుట్టినరోజు హడావుడి అయిపోగానే మా అమ్మ ఇంటికి తెచ్చుకుంది. మొన్న వెళ్లేసరికి మిద్దె మీద దాన్ని పరిచి శనక్కాయలు ఎండబోస్తోంది. అన్న, బామ్మర్ది, డ్రైవరు అందరూ కాయల కిందికి పోయారు. ఒక్క మూల మాత్రం ఖాళీగా ఉంది.

"ఆ మూల గూడా కాయలు పోయొచ్చు గదమ్మా?"

"నీ మొగం మింద ఎట్ల పోసేది నాయనా? శానా బాగుండావు దాంట్లో."

నా పుస్తకాల్లో ఒక్కదాన్నీ ఆమె ఇంత ముచ్చటగా చూడలేదు. ఉక్రోషం వచ్చింది గానీ, ఆ నిమ్మకాయంత తలకాయను నేనూ వంగి చూశాను. నిజమే, బాగానే ఉన్నాను.