శని వలయానికి మూడు కొటేషన్లు

కొనుగోళ్ళ విభాగంలో గుమాస్తాగా పనిచేసినవాడి బుర్ర ఎలా తయారవుతుందో నన్ను చూస్తే తెలుస్తుంది. ఆఫీసుకి కుర్చీ కొనాలన్నా మూడు కొటేషన్లు, చీపురు కట్టలు కొనాలన్నా మూడు కొటేషన్లు. కాగితం మీద గళ్ళు గీసి మూడింటినీ పక్కపక్కన రాసి, కింద సంతకం పెడితే గానీ నాకు ఊపిరాడేది కాదు. ఆ జబ్బుని ఇంటికి కూడా తెచ్చుకున్నాను.

తొంభై ఎనిమిదిలో, దసరాకి కాస్త ముందు, మా ఆవిడ కుడికన్ను పోయింది. చక్కెర వ్యాధి తినేసింది. ఎడమకంటికి లేజర్ చేసి, ఇది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. ఢిల్లీ ఆర్.కె.పురంలోని మా క్వార్టర్‌కి ఆటోలో తిరిగొస్తుంటే ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను, అదీ ఆవిడకి కనబడని వైపు కూర్చుని.

రెండు రోజుల తర్వాత వంటింట్లోంచి అంది: "శనిగ్రహం చుట్టూ చక్రం ఉంటుందట కదండీ. ఏడో క్లాసు పుస్తకంలో బొమ్మ చూశాను. నిజంది ఒక్కసారి చూడాలనుంది."

"అందరూ శని పోతే చాలనుకుంటారు. నువ్వు కోరి చూస్తానంటావేంటి?"

"మిమ్మల్ని ఇరవై ఏళ్ళ నుంచి చూడట్లేదూ?"

ఇద్దరం నవ్వాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ నన్ను ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

టెలిస్కోపు గురించి నాకు తెలిసింది సున్నా. ముందు దక్షిణ ఢిల్లీలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. అట్టపెట్టె మీద నాలుగు వందల యాభై రెట్లు అని బంగారు అక్షరాలు. "సాబ్, చార్ సౌ పచాస్ గునా!" అని దుకాణదారు చేతులు చాపి చూపించాడు. గొట్టం బొటనవేలంత లావు. స్టాండు మీద చెయ్యి వేస్తే వణికింది. అయినా ఆ అంకె చూసి నేను సగం పడిపోయాను. అది మొదటి కొటేషను.

రెండోది ఘాజియాబాద్‌లో. ఫ్యాక్టరీ నుంచి రిటైరయి, ఇంట్లోనే అద్దాలు అరగదీసి టెలిస్కోపులు చేసే పెద్దమనిషి ఉన్నాడని విని వెళ్ళాను. అట్టపెట్టె సంగతి చెబితే ఆయన నవ్వాడు. రెట్లు చూసి కొనకూడదట. అద్దం ఎంత వెడల్పుంటే అంత వెలుగు దొరుకుతుంది, వెలుగు లేకుండా ఎన్ని రెట్లు పెంచినా మసకే పెద్దదవుతుందని ఓపికగా చెప్పాడు. స్టాండు గట్టిగా లేకపోతే అంతా వృథా అన్నాడు. ఆరంగుళాల అద్దంతో చేసిస్తాను, రెండు వారాలు పడుతుందన్నాడు.

మూడోది మా క్వార్టర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే, మునిర్కాలో దొరికింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న తెలంగాణ అమ్మాయి, అద్దెగది ఖాళీ చేస్తూ తను చేసుకున్న నాలుగంగుళాల టెలిస్కోపు అమ్ముతోంది. దీపావళి వెళ్ళిన వారానికి, చీకటి పడే వేళకి వెళ్ళాను. డాబా మీద దాన్ని సిద్ధంగా పెట్టి ఉంచింది.

"రింగ్ చిన్నగ గనిపిస్తది అంకుల్, గానీ మంచిగ గనిపిస్తది. ఇయ్యాల ఆకాశం సాఫ్ ఉంది. పోయి ఆంటీని తోల్కరండి. కొనకున్నా సరే, చూసి పోతరు."

ఆలోచించి చెబుతానమ్మా అన్నాను. అప్పటికి మూడు కొటేషన్లూ వచ్చాయి కదా, ఇంటికెళ్ళి గళ్ళు గీయాలి. నా చెంప పగలగొట్టే మనిషి ఆ డాబా మీద ఒక్కరూ లేకపోయారు.

గీశాను. అద్దం వెడల్పు, గొట్టం పొడవు, స్టాండు గట్టితనం, మొత్తం పదకొండు గళ్ళు. ఘాజియాబాద్‌ది గెలిచింది.

"ఈలోగా ఆ అమ్మాయి డాబా మీదకి ఓసారి వెళ్ళొద్దామండీ."

"నాలుగంగుళాల్లో ఏం కనబడుతుంది? ఆరంగుళాలది వస్తోంది. రెండు వారాలు ఓపిక పట్టలేవా?"

"మీరు మీనమేషాలు లెక్కపెట్టుకోండి. నా కన్ను ఆగొద్దూ?"

"పని చేసేవాణ్ణి చెయ్యనివ్వవు కదా!" అని అరిచాను. ఆవిడ మళ్ళీ ఆ మాటెత్తలేదు. వారం తిరక్కుండా ఆ అమ్మాయి టెలిస్కోపుని ఎవరో కొనుక్కుపోయారు.

అద్దానికి వేసిన పూత మచ్చలు పడిందని ఘాజియాబాద్ ఆయన మళ్ళీ వేయించాడు. రెండు వారాలు నాలుగయ్యాయి. నాలుగో వారంలో ఒక పొద్దున, ఆవిడ పాలు కాస్తూ నన్ను పిలిచింది. "పాలల్లో ఏదో పడిందండీ, నల్లగా. తీసెయ్యండి."

గిన్నెలోకి చూశాను. తెల్లటి పాలు. ఏమీ పడలేదు.

మధ్యాహ్నానికల్లా ఆవిడకి గిన్నే కనబడలేదు. కంటి లోపల రక్తం చిమ్మిందన్నారు ఆసుపత్రిలో. దానంతటదే విడిపోతుందేమో చూద్దామన్నారు. విడిపోలేదు.

మూడు రోజులకి టెలిస్కోపు వచ్చింది. దాన్ని గోడకానించి ముఖం తిప్పుకున్నాను. ఆవిడ తడుముకుంటూ వెళ్ళి గొట్టం పొడవునా చెయ్యి రాసింది. "తెచ్చింది అటకెక్కించడానికా? పైకి పట్టుకెళ్ళండి. నేనూ వస్తాను."

ఏడింటికి డాబా ఎక్కాం. ఆవిడ శాలువా కప్పుకుని మడతకుర్చీలో కూర్చుంది. నేను అరగంట కుస్తీ పట్టాను. చివరికి దొరికింది. గోరంత కూడా లేదు. లేత పసుపు రంగు గుండు, చుట్టూ చక్రం, రెండింటికీ మధ్య నల్లటి సందు. స్టాండు కూడా వణకలేదు. ఇంత బాగా కనబడకపోయినా బాగుండేది, దేవుడా అనుకున్నాను.

"కనబడిందా?"

"లేదు," అన్నాను. "మబ్బేసింది."

ఆవిడ శాలువా మెడ దాకా లాక్కుంది.

"మబ్బేస్తే ఢిల్లీలో ఇంత చలి ఉండదండీ. చెప్పండి. పుస్తకంలో బొమ్మలాగే ఉందా?"

చెబుదామని మళ్ళీ కన్ను ఆనించాను. ఈలోగా శని పక్కకి జరిగిపోయింది. గొట్టంలో చీకటి తప్ప ఏమీ లేదు.

"అలాగే ఉంది," అన్నాను.