బందెలదొడ్డిలో టీవీ పెట్టె

ఆ రోజుల్లో మా తనకల్లులో టీ అంగడి నడవాలంటే టీ బాగుంటే చాలదు, అంగట్లో బొమ్మ కూడా ఆడాలి. పాలల్లో నీళ్లు కలపకుండా ఏళ్ల తరబడి నేను సంపాదించుకున్న గిరాకీని, రోడ్డుకు అవతల మా మరిది ఒక కలర్ టీవీ పెట్టి వారంలో లాగేసుకున్నాడు. అతని టీ గురించి చెప్పాలంటే, గిన్నె కడిగిన నీళ్లతో పోల్చినా ఆ నీళ్లు నొచ్చుకుంటాయి. అయినా క్రికెట్టు ఉన్న రోజు జనమంతా అక్కడే. నా అంగట్లో ఈగలు కూడా అటే మొహం పెట్టి కూర్చునేవి. నేనూ ఒక పాత టీవీ తెచ్చాను గానీ, కేబులు పెట్టించుకుందామంటే దాని ఓనరు మా మరిదికి బామ్మర్ది, వైరు రోడ్డు దాటనివ్వడు. ఇక పొయ్యి ఆర్పేసి శనక్కాయ చేలల్లో కూలికి పోవడమే మిగిలిందని దిగులు పడ్డాను. (వానల్లేక ఆ కూలి కూడా లేదన్నది వేరే సంగతి.)

సరిగ్గా అప్పుడే కదిరి నుంచి ఒకాయన దిగాడు. ఆ ఎండలో మెడకు టై కట్టుకుని వచ్చాడు కాబట్టి ఊరంతా ఆయన్ను టై అన్న అనేది. మిద్దె మీద గొడుగులాంటి డిష్షు పెడతాడట, టీవీ పక్కన ఒక పెట్టె పెడతాడట, కేబులు అక్కర్లేదట. కాగితం చేతికిచ్చాడు. నాకు అప్పటికి నలభై దాటాయి గానీ, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని రెండేళ్లే, ఆ లెక్కన పసిదాన్ని. పైన గుమ్మడికాయంత అక్షరాలతో ఉన్న 'ఉచితం' అనే మాటను కూడబలుక్కుని గట్టిగా చదివాను. కింద ఆవాలు చల్లినట్టున్న అక్షరాలను చూసి, అవి గీతల అలంకారమేమో అనుకున్నాను. సంతకం చేయమన్నాడు. వేలిముద్ర వేసిన చేయి సంతకం చేస్తుంటే ఆ సంబరం మీకు ఎట్లా చెప్పాలి? చూపించిన చోటల్లా చేశాను. "ఇంగా యాడన్నా చేయాల్నా అప్పా?" అని అడిగి, ఖాళీగా కనబడిన ఒక మూల కూడా చేశాను.

పోతూ పోతూ ఒక్క నిజం చెప్పాడు. "వాన పడితే మాత్రం బొమ్మ రాదక్కా."

అంగట్లో ఉన్నవాళ్లు గ్లాసులు ఒలికేటట్టు నవ్వారు. "ఈడ వాన యాడుండాది సామీ! నువ్వు నిశ్చింతగా పో!" అన్నాడు ఒక పెద్దాయన.

కొన్నాళ్లు నా రాజ్యమే. ఆ తర్వాత, ఎన్నేళ్లుగానో మా మొహం చూడని వాన, ఆ ఏడు చుట్టరికం గుర్తొచ్చినట్టు దిగబడింది. మంచి మ్యాచి నడుస్తుండగా తెర నల్లబడింది. జనం బయటికి పోయి తడిశారు, ఎగిరారు, వానదేవుడికి దండం పెట్టారు, ఆ తర్వాత నేరుగా మా మరిది అంగడికి పోయి తల తుడుచుకున్నారు. కంపెనీకి ఫోను చేయిస్తే, వాన వెలిసి ఎండ కాసిన రోజున మెకానిక్కు వచ్చేవాడు. ఎండలో బొమ్మ తనంతట తానే వస్తుంది కదా! అయినా చార్జి ఇవ్వమనేవాడు.

"నువ్వేం చేసినావప్పా దుడ్లు ఇచ్చేకి?"

"వచ్చినా కదక్కా!"

నీళ్లు పడినా దుమ్ము లేచినా బోరు బండివాడికి అడుగు లెక్కన ఇచ్చుకున్న జనం మేము. అయినా బోరు బండివాడు వాన కురిసినప్పుడల్లా వచ్చి చార్జి అడగడు. నాకు తిక్క రేగి నెల డబ్బులు కట్టడం మానేశాను. వెంటనే బొమ్మ పోయింది, వెనకాలే టై అన్న వచ్చాడు. మధ్యలో మానుకుంటే జరిమానా అట, కాగితంలో ఉందట. వేలు పెట్టి ఆ ఆవగింజల్ని ఒక్కొక్కటీ చదివాను. రిపేరు ఖర్చు నాది, పెట్టె పోతే నష్టం నాది, మానుకుంటే జరిమానా నాది. కంపెనీది ఏమిటయ్యా అంటే, పెట్టె.

"పెట్టె మీదేనా? నలుగుర్లో చెప్పు" అన్నాను.

"మాదే! ముమ్మాటికీ మాదే!" అని అరిచాడు.

అంతే. వైరు పీకి, పెట్టెను చంకన పెట్టుకుని, అంగడి వెనకున్న బందెలదొడ్డికి నడిచాను. పరాయి చేలో పడి మేసిన గొడ్డును అక్కడ కట్టేస్తారు. గొడ్డు గలవాడు వచ్చి బందె అనే జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. కాపలా ఉండే తలారి మామ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవురి మేత మేసినాదిమ్మే ఇది?"

"నా కరెంటు మేసినాది మామా. పాలు గూడా ఇయ్యలా."

మామ నవ్వలేదు. వైరును పలుపులాగా గుంజకు బిగించి, ఒక బర్రె పక్కన కట్టేశాడు. టై అన్న నోరు తెరిచాడు. "ఏమయ్యా, టీవీ పెట్టెను బర్రె పక్కన కడతావా? ఏ కాగితంలో రాసుండాది?"

"కాగితం మీకు. దొడ్డికి కాగితం ల్యా. గొడ్డు నాదే అన్నోడు బందె కట్టాల. నాదే నాదే అని నువ్వే కదప్పా అరిస్తివి? పొద్దు గడిచేకొద్దీ మేత పెరుగుతుంది, చూసుకో."

బర్రె మెడ చాపి కంపెనీ ఆస్తిని శ్రద్ధగా నాకసాగింది. ఆ వింత చూడడానికి ఊరు ఊరంతా నా అంగడి వెనక్కి చేరింది. ఆఖరికి మా మరిది కూడా తన టీవీని ఒంటరిగా ఆడనిచ్చి వచ్చి, "వదినా, దానికి ఇంత గడ్డన్నా వేయరాదా!" అన్నాడు.

టై అన్న టై వదులు చేసుకుని గోడవారగా కూలబడ్డాడు. "పెట్టె పోతే నా జీతంలో కోస్తారక్కా. కూతుర్ని బళ్లో ఏసినా" అన్నాడు మెల్లగా. ఆ ఆవాలు వాళ్ల కంపెనీ ఆయన మీద కూడా చల్లిందని అప్పుడు అర్థమైంది. టీ ఇచ్చాను. జరిమానా లేదని నా కాగితం మీదే పలక మీది అక్షరాలంత లావుగా రాయించి, నేను ఎన్నిచోట్ల సంతకం చేశానో అన్నిచోట్లా ఆయన చేత చేయించాను, ఆ ఖాళీ మూలతో సహా. మామకు బందె కింద ఒక టీ ముట్టింది. పెట్టె కదిరి బస్సెక్కింది. డిష్షు నా మిద్దె మీదే ఉండిపోయింది. మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి అంతకన్నా మంచి చేట లేదు. గిరాకీ అంటారా? బర్రె ఏం చేసిందో నా నోటితో వినడానికి పక్కూళ్ల నుంచి కూడా వచ్చారు. కథ చెప్పేటప్పుడు నేను టీ పోయడం ఆపేదాన్ని కాదు.

మొన్న మనవరాలు ఫోనులో క్రికెట్టు పెడతానని, ముందు ఒకచోట నొక్కమంది. మళ్లీ అవే ఆవాలు, తెర నిండా. ఇప్పుడు వాటిని వేళ్లతో సాగదీసి గుమ్మడికాయలు చేసి చదవడం నాకు వచ్చు. కానీ మ్యాచి మొదలవబోతోంది. నొక్కేశాను. నెల తిరిగేసరికి నా బ్యాంకులోంచి డబ్బులు, నన్ను అడక్కుండా, ఎవరో మేసి పోయారు. లేచి అంగడి వెనక్కి వెళ్లాను. దొడ్డి ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల టవరు ఉంది. గుంజలాగే నిలబడి ఉంది. కట్టేయడానికి నా చంకలో పెట్టె లేదు. నాలో నేనే నవ్వుకుని, వచ్చి పొయ్యి మీది పాలు దించాను.