కొలవకుండా కొన్న ఇల్లు

ఆమె ప్రభుత్వ సర్వేయరు. భూములను ఇంకా ఇనుప గొలుసుతో కొలిచే రోజుల్లో ఉద్యోగంలో చేరింది కాబట్టి ఆఫీసులో అందరికీ గొలుసమ్మ అయిపోయింది. ఇరవై ఆరేళ్ల సర్వీసు. జానెడు నేల కోసం మాటలు మానేసిన అన్నదమ్ములు కూడా గొలుసమ్మ టేపు పరిచి ‘ఇదిగో, ఇక్కడిదాకా’ అంటే మారుమాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయేవారు. అలాంటి మనిషి, సొంతిల్లు కొనేటప్పుడు సంచిలోంచి టేపు తీయలేదు.

తీయాలనే వెళ్లింది. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా బ్యాటరీల కొట్టు పైన రెండు గదుల్లో కాపురం. భర్త లెక్కల మాస్టారు. కూతురు చదువుకునే బల్లను పక్కకు జరిపితే తప్ప అత్తగారి మంచం వాల్చడానికి చోటుండేది కాదు. కొట్టులోంచి వచ్చే ఆమ్లం ఘాటు ఉతికిన బట్టలకు కూడా పట్టేసేది. నగరం చివర పెద్ద గేటు, కాపలా, ఇంటింటికీ పచ్చిక ఉన్న కాలనీలో ఒక వరుసలో పది ఇళ్లు. వాటిలో చివరిది అమ్మకానికి వచ్చిందని తెలిసి నలుగురూ చూడ్డానికి వెళ్లారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని అత్తగారు నేరుగా కింది గదిలోకి వెళ్లి, కిటికీ తెరిచి, వట్టి నేల మీదే గోడకు చేరగిలబడి కూర్చుంది.

“ఈ గది నాకేనామ్మా?” అంది.

పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ అడగని మనిషి ఆవిడ. ఆ మాట విన్నాక కోడలికి టేపు తీయబుద్ధి కాలేదు. కాగితాలు వకీలు చూశాడు, మాస్టారు మూడుసార్లు చదివారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. పదో నంబరు ఇల్లు, పదో నంబరు ప్లాటు. కొనేశారు.

దిగిన మూడో వారం కారుకు షెడ్డు వేద్దామనుకున్నారు. కాలనీ సంఘం వాళ్లు సరిహద్దు కొలతలతో గీసిన కాగితం ఇమ్మన్నారు. ఆదివారం పొద్దున్నే గొలుసమ్మ లేఅవుట్ ప్లాను పట్టుకుని, అలవాటు ప్రకారం వీధి మొదట్లో ఉన్న సరిహద్దు రాయి దగ్గర మొదలుపెట్టింది. ప్లాను ప్రకారం ఒక్కో ప్లాటు యాభై అడుగులు. పది ప్లాట్లూ అయిదువందల అడుగులకు అయిపోవాలి, ఆ తర్వాత యాభై అడుగులు పార్కు. టేపు అయిదువందలు చూపించేసరికి ఆమె నిలబడి ఉన్నది తన ఇంటికి ఇవతలి గోడ దగ్గర. ఇల్లంతా ఇంకా ముందే ఉంది.

తప్పు లెక్కపెట్టానేమోనని వెనక్కి వెళ్లి మళ్లీ కొలిచింది. మూడోసారి అటు చివర్నుంచి కొలిచింది. ప్లాను ఒళ్లో పరుచుకుని గట్టు మీద కూర్చుంది. కట్టినవాళ్లు మొదటి ప్లాటును ఖాళీగా వదిలేసి అక్కడ ఉయ్యాలలు, జారుడుబల్ల పెట్టారు. అక్కణ్నుంచి ప్రతి ఇల్లూ ఒక ప్లాటు అవతలికి జరిగింది. కాగితం మీద తమదైన పదో ప్లాటులో పక్కింటివాళ్ల ఇల్లుంది. తమ ఇల్లు పార్కులో ఉంది.

కాఫీ తెచ్చిన మాస్టారికి ప్లాను చూపించింది. ఆయన కాఫీ గట్టు మీద పెట్టి, ప్లానునూ ఇంటినీ మార్చి మార్చి చూశారు.

“అంటే మనం పార్కులో కాపురం పెట్టామా?” అన్నారు చివరికి.

కట్టిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. అమ్మినాయనకు ఫోన్ చేసింది. ఆయన బుకాయించలేదు. అదే ఆమెను ఎక్కువ దెబ్బతీసింది.

“మీరు సర్వేయరని తెలిసిన రోజే బేరం పోయిందనుకున్నానండీ,” అన్నాడాయన. “మీరొచ్చిన ప్రతిసారీ టేపు ఎప్పుడు తీస్తారా అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. మీరు తీయనే లేదు.”

ఫోన్ పెట్టేసింది.

ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు కదా, ఊరుకుంటే పోలేదా అని మాస్టారు మెల్లగా అన్నారు. “నాకు తెలిసిపోయిందిగా,” అంది ఆమె. మర్నాడు ఆఫీసులో పై అధికారికి దాచకుండా చెప్పేసింది. ఆయనా బిత్తరపోయాడు. కాసేపటికి తేరుకుని, పార్కూ మొదటి ప్లాటూ ఒకే కొలత కాబట్టి, పది ఇళ్లవాళ్లూ కలిసి సంతకాలు పెడితే ప్లాను సవరించమని అర్జీ పెట్టుకోవచ్చన్నాడు. ఒక్కరు కాదన్నా కోర్టే గతి.

సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ అవే మొహాలు: ముందు నవ్వు, తర్వాత అనుమానం, తర్వాత రక్తం ఇంకిపోయిన తెలుపు. తొమ్మిదో ఇంటావిడ గుమ్మానికి చేత్తో ఆనుకుని, “అయితే అక్కా, ఇన్నాళ్లూ మేం మీ ఇంట్లో ఉంటున్నామా?” అంది.

మొదటి ఇంటి పళ్ల డాక్టరు మాత్రం లోపలికి రమ్మనలేదు. సంఘం అధ్యక్షుడాయన. పార్కులో ఉన్నది మీ ఇల్లు, మధ్యలో మా కాగితాలెందుకు కదిలించాలని నిలదీశాడు. ఆమె ప్లాను విప్పి ఆయన కారు మీదే పరిచింది.

“మీ దస్తావేజులో మొదటి ప్లాటని ఉంది కదండీ. అది ఇదిగో. కాగితం ప్రకారం మీకున్నవి రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల. మీరుంటున్న ఇల్లు రెండో నంబరువాళ్లది.”

డాక్టరు వంగి చూశాడు. వేలితో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు. “లోపలికి రండమ్మా,” అన్నాడు. ఆ సాయంత్రం ఆయన భోజనాల బల్ల చుట్టూనే పదిళ్లవాళ్లూ కూర్చుని సంతకాలు చేశారు. పదకొండేళ్లుగా ఒకే వీధిలో ఉంటున్నా కొందరు ఒకరి మొహం ఒకరు దగ్గరగా చూసుకోవడం అదే మొదలు.

సవరించిన ప్లానుకు ఆమోదం రావడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా ఆఫీసులో కుర్రవాళ్లు ఆమె ముందు ఇళ్ల ఊసు ఎత్తేవారు కాదు. ఆమే ఎత్తేది. స్థలం కొలవమని వచ్చిన ప్రతివారికీ తన సంగతి మొదట్నుంచీ చెప్పేది, అమ్మినాయన అన్న మాటతో సహా.

ఉత్తర్వు చేతికొచ్చిన రోజు కౌంటరు దగ్గర నిలబడే చదివింది. బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. అప్పటిదాకా ఒక్క చుక్క రాలని కళ్లు అప్పుడు ఆగలేదు. తీసుకెళ్లడానికి వచ్చిన మాస్టారు కంగారుపడి, పని కాలేదేమోననుకున్నారు. ఆమె కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పక్కన కూర్చున్నారు.