తప్పిపోయిందని చెప్పిన తూటా

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానని అనడమైతే అంటున్నాను గానీ, అది నన్ను పెద్దగా కుంగదీయలేదు. ముందు ఒప్పుకోవలసింది అదే. తప్పు చేసినవాడికి నిద్ర పట్టదంటారు. నాకు పట్టింది. ఉద్యోగం దొరికింది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, నంద్యాలలో చిన్న ఇల్లు కట్టుకున్నాను. బడిలో పిల్లలు నన్ను ఇష్టపడతారు. ఇంత సుఖంగా బతికినవాడు చెప్పుకునే తప్పును ఎవరైనా నమ్ముతారా అని కూడా అనుమానం వస్తుంటుంది.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన మొహం ముందు ఈ మాట నా నోట రాదు. ప్రయత్నించి చూశాను.

మాది ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల కొండల అంచున ఉన్న ఊరు. డెబ్బైల మొదట్లో టీచరు ట్రైనింగు ముగించుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. మా ఊళ్లో సుబేదారు అని ఒక పెద్దాయన ఉండేవాడు. మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చినందువల్ల ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. చర్చిలో మా నాయన పక్కనే కూర్చునేవాడు. నేను పెద్దనాయనా అని పిలిచేవాణ్ణి. భార్య పోయింది, పిల్లలు లేరు. యుద్ధంలో కుడి భుజం దెబ్బతినడం వల్ల పొడుగు తుపాకీని ఆనించుకోలేడు. అందుకే చేలను పాడుచేసే అడవి పందుల్ని కూడా రివాల్వరుతోనే కొట్టేవాడు. దానికి లైసెన్సు ఉంది, పందుల్ని కాల్చడానికి అనుమతి కాగితమూ ఉంది.

ఆ రివాల్వరు దేశం వదిలి పోతున్న ఒక దొర దగ్గర కొన్నదట. చేతిలో పెడితే బరువుకు మణికట్టు కిందికి వంగేది. తూటా నా చిటికెన వేలంత లావు. ఆయన నాకూ కాల్చడం నేర్పాడు. నేను మొదటిసారి పేల్చినప్పుడు గొట్టం ఆకాశం వైపు లేచిపోయింది, చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది, బొటనవేలి పక్కన చర్మం చీలింది. సుబేదారు నవ్వాడు.

"తన్నుతాదప్పా. తన్నేది దాని గుణం. నువ్వు ఆపల్లని చూడాకు. రెండు చేతుల్తో పట్టుకో. మోచేతులు కొంచెం వంచు. తన్నును భుజాల్లోకి రానీ. వచ్చి పోతాది."

ఆయన నేర్పే పద్ధతి విచిత్రంగా ఉండేది. రివాల్వరులో ఆరు గదులుంటాయి కదా. నాలుగింట తూటాలు, రెండింట కాల్చేసిన ఖాళీ తొడుగులు పెట్టి, చక్రం తిప్పి నా చేతికిచ్చేవాడు. ఏది ఎప్పుడొస్తుందో నాకు తెలిసేది కాదు. ఖాళీది వచ్చినప్పుడు టక్కుమని చిన్న చప్పుడే. పేలలేదు, తన్నలేదు. కానీ గొట్టం మాత్రం నేల వైపు దిగేది.

"చూసినావా? అది తన్నకముందే నువ్వు అదురుతాండావ్. కండ్లు మూసుకుంటాండావ్. నీ భయం తూటాను కిందికి లాగుతాంది."

నెలల తరబడి నేర్చుకున్నాను. అదురు తగ్గింది. పూర్తిగా పోలేదు. పోయిందని ఆయనతో చెప్పాను. ఆయన పరీక్షించకుండా నమ్మాడు. అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది, ఈ మనిషి నా మాటను ఎంత తేలిగ్గా నమ్ముతాడో.

అవి నా జీవితంలో చాలా మంచి రోజులు. తెల్లవారుజామున వేరుశనగ చేని గట్టున ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్లం. బొరుగులు నమిలేవాళ్లం. పందులు రాత్రంతా చేనిలో తవ్వి, వెలుగు రాగానే చేని పక్కనున్న ఎండిన వంక దాటి కొండకు పోతాయి. ఆ దాటే చోటు ఆయనకు తెలుసు. ఆయనకు తెలియనిది లేదు. నేల మీద గిట్ట గుర్తు చూసి అది ఎంత సేపటి కిందటిదో, జంతువు బెదిరిందో తీరిగ్గా నడిచిందో చెప్పేవాడు. తప్పిపోయిన ఎద్దుల కోసం చాగలమర్రి వైపు నుంచి కూడా మనుషులు వచ్చి ఆయన్ని పిలుచుకుపోయేవాళ్లు. ఆయనకు ఉన్న నియమం ఒక్కటే. గాయపడిన జంతువును వదిలేసి ఇంటికి రాకూడదు. ఎంత దూరమైనా, ఎంత ముళ్లకంపైనా వెంట పోయి దాని బాధ తీర్చి రావాలి.

ఆ ఏడు పంట చేతికొచ్చే సమయానికి ఒక పెద్ద మగపంది చేలను నాశనం చేస్తోంది. మంగళవారం పొద్దున సుబేదారు దాన్ని కాల్చాడు. అది ఆగకుండా కంపల్లోకి పోయింది. ఆయన మధ్యాహ్నం దాకా వెతికాడు, నేనూ వెంటే ఉన్నాను. ఎక్కడా నెత్తురు లేదు. తగల్లేదని తేల్చుకుని ఇంటికొచ్చాడు.

గురువారం రివాల్వరు నా చేతికిచ్చాడు. "ఈసారి నువ్వు కూచో వంకలో. నేను పైనుంచి డబ్బా కొట్టి అదిలిస్తా" అన్నాడు.

ఒంటరిగా కూర్చున్నాను. పైన డబ్బా మోగింది. కాసేపటికి పంది వంకలోకి దిగింది. పదిహేను అడుగుల దూరం. వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, మూతికి తడి మన్ను అంటుకుని ఉంది. అది నన్ను చూడలేదు. భుజం వెనక గురిపెట్టాను. మోచేతులు వంచాను. అన్నీ ఆయన చెప్పినట్టే చేశాను. కానీ వేలు బిగించిన క్షణంలో కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి పంది వెనక భాగం కూలిపోయి ఉంది. అది ముందు కాళ్ల మీద లేచింది. ఒక వెనక కాలు ఈడ్చుకుంటూ కంపల్లోకి దూరింది. ఇసుక మీద అరచేయంత మేర నెత్తురు.

అప్పుడు నేను చేసిన పనిని ఎన్నోసార్లు నెమరు వేసుకున్నాను. పాదంతో ఇసుక తోసి ఆ నెత్తుటిని కప్పాను. ఎందుకు? ముసలాయన ఆ దెబ్బతిన్న భుజంతో కంపల్లోకి పోతే ప్రమాదమని కప్పానా? కొన్నేళ్లపాటు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అది నిజం కాదు. తూటా తొడలో తగిలిందని చూస్తే నేను కళ్లు మూసుకున్నానని ఆయనకు తెలిసిపోతుంది. అదురు పోయిందన్న నా మాట అబద్ధమని తెలుస్తుంది. మళ్లీ రివాల్వరు నా చేతికివ్వడు. పైగా, "పదప్పా, పోదాం" అని నన్ను కూడా ఆ కంపల్లోకి రమ్మంటాడు. నాకు భయమేసింది. అంతే. ఇంతకన్నా గొప్ప కారణం ఏదీ లేదు.

ఆయన పరుగున వచ్చాడు.

"ఏమైందప్పా?"

"తప్పిపోయింది పెద్దనాయనా."

"యాడన్నా తగిలిందేమో, బాగ చూసినావా?"

"చూసినా. తగల్లే."

"నెత్తురేమన్నా పడిందా?"

"ల్యా. చుక్క గూడా ల్యా."

ప్రతి అడుగుకూ నేల చూసి నడిచే మనిషి ఆ రోజు నేల వైపు చూడలేదు. నా మొహం చూశాడు. "సరేలే, పోనీ. అందరికీ తప్పుతాది" అన్నాడు. రివాల్వరు తీసుకుని, ఎర్రబడిన నా చేతిని చూసి, తన తువ్వాలు తడిపి చుట్టాడు. నేను ఆయన పాదముద్రల మీదే నడుస్తూ ఇంటికి వచ్చాను.

ఆదివారం చర్చి నుంచి బయటికి వస్తుంటే తెలిసింది. వేరుశనగ పీకుతున్న ఓబులమ్మ అనే కూలామె మీదికి కంపల్లోంచి పంది దూకింది. తొడ చీల్చేసింది. పక్కనున్న ఆమె మొగుడూ మిగతా కూలీలూ గొడ్డళ్లతో దాన్ని చంపారు. ఓబులమ్మను బండి మీద ఆళ్లగడ్డకూ, అక్కణ్ణుంచి నంద్యాల ఆసుపత్రికీ తీసుకుపోయారు. సాయంత్రం పందిని కోస్తుంటే వెనక తొడలో తూటా దొరికింది. కాలు అప్పటికే చీము పట్టి ఉందని చెప్పారు. నడవలేని జంతువు, ఆకలితో, నొప్పితో అదే పొదలో మూడు రోజులు పడి ఉండింది.

తూటాను తెచ్చి సుబేదారు అరచేతిలో పెట్టారు. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"నాదే. మంగళవారం కొట్టింది. నెత్తురు పడుంటాది, నాకు కనపళ్లే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆయన గొంతులో అనుమానం లేదు. ఊరికే సరిచూసుకుంటున్నాడు. "నువ్వు కొట్టింది తగల్లేదంటివి గదా?"

"అవును పెద్దనాయనా" అన్నాను.

వంకలో చెప్పినదాన్ని భయం అనుకోండి, ఒక్క క్షణంలో జరిగిపోయింది అనుకోండి. ఈ "అవును" అలాంటిది కాదు. ఆలోచించుకునే సమయం ఉంది. చుట్టూ మనుషులున్నారు. ఎదురుగా ఒక నిజాయితీపరుడు తన కళ్ల కంటే నా మాటను ఎక్కువ నమ్మి అడుగుతున్నాడు. నేను అవునన్నాను.

ఆయన ఊరందరి ముందూ తప్పు తనదేనని చెప్పాడు. మర్నాడే రివాల్వరును ఆళ్లగడ్డ పోలీసు స్టేషనులో అప్పగించి వచ్చాడు. ఓబులమ్మ ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ అక్కడే వరండాలో పడుకున్నాడు. ఆమె బతికింది. కాలు కుంటిదైంది. ఆ తర్వాత ప్రతి ఏడూ వాళ్లకున్న కాస్త చేనును సుబేదారే దున్నించాడు. క్రమంగా ఓబులమ్మ ఆయన గేదెల్ని చూసుకోవడం మొదలుపెట్టింది, ఆయన ఆమె ఇంట్లో అన్నం తినడం మొదలుపెట్టాడు. ఒంటరి మనిషికి ముసలితనంలో ఒక ఇల్లు దొరికింది. నాకు నంద్యాలలో ఉద్యోగం వచ్చాక, సెలవులకు బస్సెక్కి ఊరికి పోతే, వాళ్లిద్దరూ గేదె దగ్గర కూర్చుని ఒకరినొకరు వెక్కిరించుకుంటూ కనిపించేవాళ్లు. "కాలు పోతే పోనీలే సారూ. సుబేదారు మా ఇంటి మనిషైనాడు" అని ఓబులమ్మ నాతో అనేది. మజ్జిగ ఇచ్చేది. తాగేవాణ్ణి. చల్లగా, బాగుండేది.

ఇది చూసి నేను లోలోపల లెక్క సరిపోయిందని అనుకున్నాను. నేను నిజం చెప్పి ఉంటే ఆయన ఆ గడపలోకి అడుగుపెట్టేవాడే కాదు కదా? నా అబద్ధం వల్ల ఇద్దరికి మేలే జరిగింది కదా? చాలా ఏళ్లు ఈ మాట నాకు చాలినంత హాయినిచ్చింది.

కానీ ఒకసారి చాగలమర్రి నుంచి ఇద్దరు రైతులు ఎద్దు తప్పిపోయిందని వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన వాళ్లకు మంచినీళ్లిచ్చి, "నా కండ్లు సరిగ ల్యావప్పా. ఇంగెవరినన్నా అడుక్కోండి" అని పంపేశాడు. ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. దూరంగా గట్టు మీద వచ్చే మనిషిని నాకంటే ముందే గుర్తుపట్టేవాడు. కానీ ఆ ఆదివారం నుంచి నేల మీద ఏ గుర్తునూ ఆయన తనంతట తాను నమ్మలేదు. పక్కనున్నవాణ్ణి అడిగేవాడు, ఇది నెత్తురేనా, మన్నేనా అని. వేట పోవడం పెద్ద నష్టం కాదు. నేను ఆయన దగ్గర తీసేసుకున్నది వేట కాదు. తన చూపు మీద తనకున్న నమ్మకం. దాన్ని ఓబులమ్మ అన్నం కూడా తిరిగి ఇవ్వలేకపోయింది.

ఆయన మూడేళ్ల కిందట నంద్యాల ఆసుపత్రిలో పోయాడు. ప్రశాంతంగానే పోయాడు. చివరి వారం పొద్దుటి పూట ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. ఒకరోజు పాత వేట సంగతులు వచ్చాయి. నా చెయ్యి పట్టుకుని అన్నాడు.

"నీకు కాల్చడం రాలేదప్పా. కానీ నిజం చెప్తావ్. తప్పితే తప్పిందనే చెప్పినావ్ ఆ పొద్దు. శానామంది చెప్పరు."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. పోయే మనిషి మనశ్శాంతి చెడగొట్టడమెందుకని ఊరుకున్నానని మా ఆవిడకు చెప్పుకోవచ్చు, మీకు చెప్పుకోవచ్చు. నిజానికి ఆ క్షణంలో నాకు సంతోషమేసింది. ఆయన నన్ను మెచ్చుకుంటున్నాడు. ఆ మెప్పును వదులుకోలేకపోయాను. సిగ్గుపడవలసినవాటిలో అన్నిటికంటే ఇదే ముందు వస్తుంది.

ఇక రాయవలసింది తక్కువే. ఓబులమ్మ ఊళ్లోనే ఉంది. ఆమెకు చెబుతానో లేదో నాకు తెలియదు. చెబుతానని ఇక్కడ రాసి మంచివాణ్ణి అనిపించుకోను. ఇంతదాకా రాశాక, ఈ మాటను ఒక్కసారి కూడా పైకి అనలేదని గుర్తొచ్చింది. గదిలో ఎవరూ లేరు. ఆదివారం మధ్యాహ్నం. పైకి అన్నాను. "ఆ పందిని కాల్చింది నేను. పెద్దనాయన కాదు."

వంటింట్లో రొట్టె తడుతున్న చప్పుడు ఆగింది.

"ఎవరితో మాట్లాడుతాండావ్?" అంది నా భార్య.

నేను మళ్లీ అన్నాను, ఈసారి ఆమెకు వినపడేలా. తర్వాత మొత్తం చెప్పాను. ఆమె పిండి చేతులతో గడప మీద కూర్చుని విన్నది. ఓబులమ్మను ఆమె బాగా ఎరుగును. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చివరికి, "పద్నాలుగేండ్లు నాతో కాపురం చేసి, ఇప్పుడా చెప్పేది" అంది. లేచి లోపలికి పోయింది. కాసేపటికి రొట్టె తట్టే చప్పుడు మళ్లీ మొదలైంది, ముందుకంటే గట్టిగా.

నేను కదలకుండా కూర్చున్నాను. ఆమె క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. బాగా ఆకలి వేసింది.